రోగి నమూనా నుంచే మెనింజైటిస్ బ్యాక్టీరియా జన్యు టైపింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం వార్డుల్లో పీజీ డాక్టర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, మంచం పక్కన కూర్చున్న తల్లిదండ్రులు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలు ఇవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇది చికిత్సకు ప్రిస్క్రిప్షన్ కాదు. మందుల విషయం చూస్తున్న డాక్టరే తేల్చాలి.

## అసలు విషయం

మెనింజైటిస్ అంటే మెదడువాపేనా?

వార్తల్లో రెండింటినీ కలిపేస్తుంటారు కానీ, వేరు. మెదడువాపు అంటే మెదడు కణజాలమే వాచడం, అంటే ఎన్‌కెఫలైటిస్. అది ఎక్కువగా వైరస్‌ల వల్ల వస్తుంది. మెనింజైటిస్‌లో వాచేది మెదడునీ వెన్నుపామునీ చుట్టి ఉండే పొరలు. బ్యాక్టీరియా వల్ల వచ్చే మెనింజైటిస్ గంటల్లో ముదురుతుంది. పసికందుల్లో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, ఈ. కోలై లాంటివి కారణమవుతాయి. ఆ వయసు దాటాక ముఖ్యంగా మూడు: మెనింగోకోకస్, నిమోకోకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి, అంటే హిబ్. ఈ పేజీ ఆ మూడింటి గురించే.

కల్చర్ ఉంది కదా, డీఎన్‌ఏ పరీక్ష ఎందుకు?

కల్చర్ అంటే నమూనాలోని బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి చూడడం. అందులో పెరగాలంటే బ్యాక్టీరియా బతికుండాలి. అనకాపల్లి నుంచో పాడేరు నుంచో పెద్దాసుపత్రికి వచ్చే జ్వరం కేసుల్లో చాలామందికి దారిలోనే సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడి ఉంటుంది. పడాలి కూడా, అది ప్రాణం కాపాడే పని. అయితే ఆ ఇంజెక్షన్ తర్వాత సుమారు 2 గంటల్లోనే వెన్ను నీటిలో, అంటే మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో, మెనింగోకోకస్ పెరగడం ఆగిపోతుంది. నిమోకోకస్ విషయంలో 4 గంటల నుంచి ఆగడం మొదలవుతుంది. చచ్చిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ మాత్రం కొన్ని రోజుల పాటు ఆ నీటిలోనే ఉంటుంది. డీఎన్‌ఏని లక్షల కాపీలు చేసి కనిపెట్టే పరీక్ష పీసీఆర్ పట్టుకునేది దాన్నే. అలాగని కల్చర్ మానేయకూడదు. బ్యాక్టీరియా పెరిగితే ఏ మందుకు ఎంత మోతాదులో లొంగుతుందో చూపించగలిగేది కల్చరే.

బ్యాక్టీరియా పేరు తెలిసింది. ఇంకా టైపింగ్ దేనికి?

విశాఖలో ఉంటారు అన్నంత మాత్రాన ఉత్తరం చేరదు. వీధి పేరు, డోర్ నంబరు కావాలి. మెనింగోకోకస్ అని తెలియడం ఊరు తెలియడం లాంటిది. పైతొడుగు, అంటే క్యాప్సూల్, ఏ రకమో తెలిస్తే వీధి తెలిసినట్టు. ఆ బ్యాక్టీరియాకి క్యాప్సూల్‌ని బట్టి ఉన్న 12 గుంపుల్లో, అంటే సీరోగ్రూపుల్లో, ఏ, బీ, సీ, డబ్ల్యూ, ఎక్స్, వై అనే ఆరే దాదాపు జబ్బంతటికీ కారణం. టీకా పనిచేస్తుందా లేదా అన్నది ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. అదే సీరోగ్రూపులోనూ వేర్వేరు వంశాలు ఉంటాయి. ఒకే హాస్టల్‌లో వచ్చిన రెండు కేసులు ఒకదాని నుంచి ఒకటి అంటుకున్నవా, విడివిడిగా వచ్చినవా అన్నది చెప్పేది ఆ డోర్ నంబరే.

టైప్ తెలిస్తే మా పేషెంట్ మందు మారుతుందా?

సాధారణంగా మారదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. యాంటీబయాటిక్ ఎంపిక బ్యాక్టీరియా పేరు మీద, మందుకు లొంగే తీరు మీద ఆధారపడుతుంది. సీరోగ్రూపు తెలిసేసరికి చికిత్స సగం దాటిపోయి ఉంటుంది. టైపింగ్ ఉపయోగం ఎక్కువగా మంచం మీద ఉన్నవారికి కాదు, వాళ్లతో ఒకే ఇంట్లో, ఒకే హాస్టల్‌లో, ఒకే బ్యారక్‌లో ఉన్నవాళ్లకీ, రేపు టీకా వేయాల్సిన పిల్లలకీ. అందుకే ఒక్క చుక్క మిగల్చడానికి కూడా ఇంత పట్టుబడుతున్నాం.

## వెన్ను నీరు తీసేటప్పుడు

వెన్నులో నీరు తీస్తే నడుము పడిపోతుందట, నిజమేనా?

కాదు. పెద్దల్లో వెన్నుపాము నడుము ఎముకల్లో మొదటి రెండింటి దగ్గరే ముగుస్తుంది. సూది గుచ్చేది అంతకన్నా కింద, మూడు నాలుగు ఎముకల మధ్యనో నాలుగు అయిదు ఎముకల మధ్యనో. పసిపిల్లల్లో వెన్నుపాము కాస్త కిందికి ఉంటుంది కాబట్టి ఇంకా కింది ఖాళీ ఎంచుకుంటారు. ఒంట్లో ఈ నీరు గంటకు సుమారు 20 మి.లీ. తయారవుతూనే ఉంటుంది. 3 మి.లీ. తీస్తే పది నిమిషాల్లో పూడిపోతుంది. తర్వాత కొందరికి తలనొప్పి రావడం నిజమే, అది తగ్గిపోతుంది. మెదడులో ఒత్తిడి బాగా పెరిగిన లక్షణాలు, రక్తం గడ్డకట్టే సమస్య, సూది గుచ్చే చోట చర్మానికి ఇన్‌ఫెక్షన్ ఉంటే మాత్రం డాక్టర్లే ఆపుతారు. భయం వల్ల ఇంటివాళ్లు ఒప్పుకోక ఆలస్యమైన కేసులు బాధ కలిగిస్తాయి. సంతకం అడిగే ముందు ఈ నాలుగు ముక్కలూ ఓపిగ్గా చెప్పాలి.

నమూనా కోసం యాంటీబయాటిక్ కాసేపు ఆపాలా?

ఆపకూడదు. వెంటనే నీరు తీయగలిగితే తీసి, ఆ వెంటనే మందు ఇవ్వాలి. స్కాన్ కోసమో మరెందుకో ఆలస్యమయ్యేలా ఉంటే రక్తం తీసి కల్చర్ సీసాలో కొంత, ఈడీటీఏ ట్యూబులో కొంత వేసి, మందు మొదలుపెట్టేయాలి. నీరు తర్వాత తీసినా పీసీఆర్‌కి పనికొస్తుంది. రిక్వెస్ట్ ఫారం మీద మొదటి డోసు పడిన సమయం, నీరు తీసిన సమయం రెండూ రాయండి. కల్చర్ నెగెటివ్, పీసీఆర్ పాజిటివ్ వచ్చినప్పుడు ఎందుకలా అన్నది ఆ రెండు సమయాలే చెబుతాయి.

ఎంత నీరు కావాలి? ఏ ట్యూబు ఎక్కడికి?

పెద్దల్లో 3 నుంచి 4 మి.లీ., చిన్నపిల్లల్లో 1 మి.లీ. అయినా సరే. మూడు స్టెరైల్ ట్యూబులు ఉంటే మొదటిది షుగర్, ప్రొటీన్‌లకి, రెండోది మైక్రోబయాలజీకి, మూడోది కణాల లెక్కకి. సూది గుచ్చినప్పుడు తగిలే రక్తం, చర్మం మీది బ్యాక్టీరియా ఎక్కువగా మొదటి ట్యూబులోకే పోతాయి, అందుకే మైక్రోబయాలజీది రెండోది. ఒక్క ట్యూబే నిండితే అది ముందు మైక్రోబయాలజీకే వెళ్లాలి.

అసలు నష్టం జరిగేది ఇక్కడే. గ్రామ్ స్టెయిన్, కల్చర్, లేటెక్స్, ప్యానెల్ పరీక్ష అంటూ ఒక్కొక్కటీ కొంచెం కొంచెం తీసుకుపోతాయి. వారం తర్వాత టైపింగ్ అడిగేసరికి ట్యూబు అడుగున తడి తప్ప ఏమీ ఉండదు. మైక్రోబయాలజీ ట్యూబు చేతికి రాగానే, అది ఇంకా ఎవరి చేతా పడకముందే, క్లీన్ హుడ్‌లో కనీసం 200 మైక్రోలీటర్లు స్టెరైల్ స్క్రూ క్యాప్ ట్యూబులోకి తీసి, పేరు, తేదీ, సమయం రాసి ఫ్రీజర్‌లో పెట్టండి. కుదిరితే 500. కల్చర్ కోసం సెంట్రిఫ్యూజ్ చేసే పనైతే ఈ వాటా దానికి ముందే తీయాలి. తిప్పాక పైన తేలే నీటిలో బ్యాక్టీరియా తగ్గిపోతుంది.

నీరు తీయడం కుదరలేదు. రక్తం చాలదా?

మెనింగోకోకస్‌కి చాలాసార్లు చాలుతుంది. ముఖ్యంగా ఒంటి మీద నొక్కినా పోని ఊదారంగు మచ్చలు ఉన్నప్పుడు రక్తంలో బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటుంది. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీయండి. పచ్చమూత హెపారిన్ ట్యూబు వద్దు, హెపారిన్ పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. బ్లడ్ కల్చర్ సీసాల్లో రక్తం గడ్డకట్టకుండా వేసే ఎస్‌పీఎస్ అనే పదార్థమూ అంతే. ఆ సీసాలోంచి తీసి నేరుగా పీసీఆర్ పెడితే దొంగ నెగెటివ్ రావచ్చు.

నీరు ఎర్రగా వచ్చింది. పారేయాలా?

వద్దు. రక్తంలోని హీమోగ్లోబిన్ పీసీఆర్ ఎంజైమ్‌ని మందగింపజేస్తుంది, కానీ కాలమ్ పద్ధతిలో డీఎన్‌ఏ తీస్తే చాలావరకు కడుక్కుపోతుంది. ప్రతి నమూనాలోనూ మనిషి ఆర్‌నేజ్-పీ జన్యువుకు కూడా పరీక్ష పెట్టండి. అది కూడా రాకపోతే నమూనా నెగెటివ్ కాదు, పరీక్షే జరగలేదని అర్థం. అప్పుడు డీఎన్‌ఏని పది రెట్లు పలచన చేసి మళ్లీ నడపాలి.

## దాచడం, పంపడం

ఫ్రిజ్‌లో పెట్టాలంటారు ఒకరు, పెట్టొద్దంటారు ఇంకొకరు. ఏది నిజం?

ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు వాటాల గురించి. కల్చర్‌కి వెళ్లే నీరు ఫ్రిజ్‌లో పెడితే చలికి తట్టుకోలేని మెనింగోకోకస్, హీమోఫిలస్ చచ్చిపోతాయి. దాన్ని గది ఉష్ణోగ్రతలో ఉంచి, గంటలోపే ప్లేటు మీద వేయాలి. పీసీఆర్‌కి తీసిన వాటా మాత్రం చల్లగానే ఉండాలి. రెండు మూడు రోజులైతే 4 డిగ్రీలు, అంతకు మించితే మైనస్ 20, నెలల తరబడి అయితే మైనస్ 70. మే నెలలో విశాఖ గది ఉష్ణోగ్రత అంటే పుస్తకాల్లో రాసే 25 డిగ్రీలు కాదు, 35 దాటుతుంది. ఆ ఉక్కపోతలో వార్డు కిటికీ దగ్గర ఒక పూట పడి ఉన్న ట్యూబు కల్చర్‌కీ మంచిది కాదు, డీఎన్‌ఏకీ కాదు.

మా ఫ్రీజర్ ఫ్రాస్ట్-ఫ్రీ. పరవాలేదా?

మంచు పేరుకోకుండా అది తనంతట తానే అప్పుడప్పుడు లోపల వేడి పుట్టిస్తుంది. ట్యూబు ప్రతిసారీ కొంచెం కరిగి మళ్లీ గడ్డకడుతుంది, డీఎన్‌ఏ ముక్కలవుతుంది. తప్పనిసరైతే ట్యూబుల్ని జెల్ ప్యాక్‌ల మధ్య థర్మాకోల్ డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఒకే పెద్ద ట్యూబు బదులు రెండు మూడు చిన్న వాటాలుగా దాస్తే, ఒక్కోదాన్ని ఒక్కసారే కరిగించే పని.

పాడేరు, అరకు నుంచి విశాఖకి ఎలా పంపాలి?

ఘాట్ దిగి రావడానికి మూడు గంటలు పడుతుందనుకుని, దానికి రెట్టింపు సమయానికి చల్లదనం సరిపోయేలా సర్దండి. మూడు పొరల ప్యాకింగ్: మూత గట్టిగా బిగించి పారాఫిల్మ్ చుట్టిన ట్యూబు, దాని చుట్టూ కారితే పీల్చుకునేంత దూది, దాన్ని కారని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని ఐస్ ప్యాక్‌లున్న వ్యాక్సిన్ క్యారియర్‌లో పెట్టాలి. ఫారం పాలిథిన్ కవర్లో వేసి డబ్బా బయట ఉంచండి. నీటితో తడిసి పేరు చెరిగిపోయిన నమూనా ఎంత మంచిదైనా వృథా. కల్చర్ వాటాని ఈ ఐస్‌లో కలపకండి. దానికి ట్రాన్స్-ఐసోలేట్ మీడియం సీసా ఉంటే అందులో 0.5 మి.లీ. వేసి విడిగా, ఐస్ లేకుండా పంపాలి.

వేలూరు లాంటి రిఫరెన్స్ ల్యాబుకి నీరు పంపాలా, డీఎన్‌ఏ పంపాలా?

వేలూరు సీఎంసీ ఈ జబ్బులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతీయ రిఫరెన్స్ ల్యాబు. అలాంటి చోటికి కొరియర్‌లో రోజున్నర పట్టొచ్చు. డ్రై ఐస్ నిండా పెట్టగలిగితే వెన్ను నీరే పంపడం మేలు, వాళ్ల పద్ధతిలో మళ్లీ డీఎన్‌ఏ తీసుకుంటారు. డ్రై ఐస్ దొరకకపోతే తీసిన డీఎన్‌ఏ పంపండి, అది దారిలో ఎండని ఎక్కువగా తట్టుకుంటుంది. పెట్టె మీద రోగి నమూనాలకి వాడే యూఎన్ 3373 గుర్తు, డ్రై ఐస్ ఉంటే దాని గుర్తు, బరువు కూడా రాయాలి. డ్రై ఐస్ పెట్టెని గాలి చొరకుండా సీల్ చేయకండి, గ్యాస్ పుట్టి పేలుతుంది. మొత్తం ఒకేసారి పంపేయకండి. ఒక వాటా విశాఖలోనే ఉండాలి. శుక్రవారం మధ్యాహ్నం పంపిన పెట్టె ఆదివారమంతా గోడౌన్‌లో కూర్చుంటుంది, సోమవారం ఉదయం పంపండి.

## ల్యాబులో

డీఎన్‌ఏ కిట్ వాడినా నిమోకోకస్ ఎందుకు తప్పించుకుంటోంది?

దాని గోడ మందం. మెనింగోకోకస్, హీమోఫిలస్ కిట్‌లోని లైసిస్ బఫర్‌కే పగిలిపోతాయి. నిమోకోకస్‌ని ముందుగా లైసోజైమ్, మ్యూటనోలైసిన్ ఎంజైమ్‌లతో 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, ఆ తర్వాతే ప్రొటీనేజ్-కె, బఫర్ వేయాలి. ఏ బ్యాక్టీరియానో ముందే తెలియదు కాబట్టి ప్రతి నమూనాకీ ఇదే చేయండి. 200 మైక్రోలీటర్ల నీటికి 100 మైక్రోలీటర్లలో ఎల్యూట్ చేస్తే చాలు. ప్రతి బ్యాచ్‌లోనూ నమూనా బదులు శుభ్రమైన నీరు వేసిన ఒక ట్యూబు కూడా మొదటి నుంచి చివరి దాకా నడపాలి.

ఏ జన్యువుల కోసం వెతకాలి?

మెనింగోకోకస్‌కి సోడ్‌సీ, నిమోకోకస్‌కి లైట్‌ఏ, హీమోఫిలస్‌కి హెచ్‌పీడీ. చాలాచోట్ల మెనింగోకోకస్‌కి ఇప్పటికీ సీటీఆర్‌ఏ వాడతారు. అది క్యాప్సూల్‌కి చెందిన జన్యువు కాబట్టి క్యాప్సూల్ లేని బ్యాక్టీరియాలో దొరకకపోవచ్చు. సోడ్‌సీకి క్యాప్సూల్‌తో పని లేదు. నిమోకోకస్‌కి పీఎల్‌వై జన్యువు వద్దు. నోట్లో ఉండే దగ్గరి బంధువుల్లోనూ అది కనిపించి మోసం చేస్తుంది.

రియల్-టైమ్ పీసీఆర్ రన్ ఎలా పెట్టాలి?

మొత్తం 25 మైక్రోలీటర్లు: అందులో 12.5 మాస్టర్ మిక్స్, 2 డీఎన్‌ఏ, మిగతాది ప్రైమర్లు, ప్రోబ్, నీరు. 50 డిగ్రీలు 2 నిమిషాలు, 95 డిగ్రీలు 10 నిమిషాలు, తర్వాత 95 దగ్గర 15 సెకన్లు, 60 దగ్గర 1 నిమిషం, ఇలా 50 సార్లు. సుమారు రెండు గంటలు. మీ కిట్ వేరేదైతే దాని కాగితంలో ఉన్న అంకెలే పాటించండి. వర్షాకాలంలో ఫ్రీజర్ నుంచి తీసిన ప్రోబ్ ట్యూబు మీద నిమిషంలో చెమట పడుతుంది. మూత తీసేముందు ఒక్కసారి స్పిన్ చేసి, తుడిచి తీయండి. ఆ చుక్క లోపల పడితే గాఢత మారుతుంది. ప్రోబ్‌కి వెలుతురు పడదు, రేకు చుట్టి ఉంచాలి.

సీటీ వాల్యూ 37 వచ్చింది. పాజిటివ్ రాయాలా?

అప్పుడే రాయకండి. సీటీ అంటే పీసీఆర్ ఎన్నోసారి తిరిగినప్పుడు గ్రాఫ్ లేచిందో చెప్పే అంకె. 35 లేదా అంతకన్నా తక్కువైతే పాజిటివ్, 40 దాకా రాకపోతే నెగెటివ్, మధ్యలో ఉన్నది అనుమానాస్పదం. డీఎన్‌ఏని నాలుగు రెట్లు, పది రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి. పలచన చేశాక సీటీ తగ్గితే లోపల ఏదో పీసీఆర్‌ని అడ్డుకుంటోందన్నమాట, అప్పుడది నిజమైన పాజిటివే. కోవిడ్ రోజుల్లో అందరి నోటా నానిన మాటే ఇది: సీటీ పెరిగేకొద్దీ సరుకు తక్కువ. 3.3 పెరిగితే డీఎన్‌ఏ పదో వంతు. సీటీ 22 ఉన్న నమూనాలో 32 ఉన్నదానికన్నా దాదాపు వెయ్యి రెట్లు ఉంటుంది. టైపింగ్ ఎంతదూరం వెళ్లగలదో ఈ ఒక్క అంకె చూసి అంచనా వేయొచ్చు.

నీళ్ల కంట్రోల్‌లో కూడా గ్రాఫ్ లేచింది. ఏం చేయాలి?

ఆ రన్‌లోని ఏ ఫలితమూ బయటికి పంపకూడదు, ఎంత ఒత్తిడి ఉన్నా సరే. ముందు కొత్త నీరు, కొత్త ప్రైమర్ వాటాతో మళ్లీ నడపండి. అయినా వస్తే పాత పీసీఆర్ ఉత్పత్తి గదిలోకి చేరిందని అర్థం. మాస్టర్ మిక్స్ కలిపే చోటు, డీఎన్‌ఏ వేసే చోటు, పీసీఆర్ అయ్యాక ట్యూబులు తెరిచే చోటు వేర్వేరుగా ఉండాలి. మనిషి, కోటు, పిపెట్ ముందుకే వెళ్లాలి తప్ప ఆ రోజు వెనక్కి రాకూడదు. గదులు లేకపోతే కనీసం వేర్వేరు హుడ్‌లు. బల్లని తాజాగా కలిపిన 10 శాతం బ్లీచ్‌తో తుడవండి. నిన్నటి బ్లీచ్ ఇవాళ్టికి బలం తగ్గిపోతుంది. నిమోకోకస్ మన గొంతులోనూ ఉండొచ్చు కాబట్టి మాస్కు తప్పనిసరి.

ఆసుపత్రిలో ఫిల్మ్‌అరే ప్యానెల్ గంటలో చెప్పేసింది. ఇంకేం కావాలి?

చికిత్సకి అది గొప్ప సాయం. 200 మైక్రోలీటర్లతో సుమారు గంటలో 14 రకాల సూక్ష్మజీవుల్ని వెతుకుతుంది. కానీ మెనింగోకోకస్ ఉందని చెబుతుందే తప్ప ఏ సీరోగ్రూపో చెప్పదు. క్యాప్సూల్ లేని మెనింగోకోకస్‌ని పట్టుకోదు. కార్ట్రిడ్జ్‌లోకి వెళ్లిన నీరు తిరిగి టైపింగ్‌కి రాదు. ప్యానెల్‌కి ఉన్నదంతా పోసేయకుండా ఉండాలన్నదే మా మనవి.

మెనింగోకోకస్ సీరోగ్రూపు డీఎన్‌ఏతో ఎలా తేలుస్తారు?

క్యాప్సూల్ తయారుచేసే జన్యువులే గ్రూపు గ్రూపుకీ వేరు. ఏ కి శాక్‌బీ, బీ కి సిన్‌డీ, సీ కి సిన్‌ఈ, డబ్ల్యూ కి సిన్‌జీ, వై కి సిన్‌ఎఫ్, ఎక్స్ కి ఎక్స్‌సీబీబీ. మన దేశంలో 2005లో ఢిల్లీలోనూ, 2008-09లో మేఘాలయ, త్రిపురల్లోనూ వ్యాపించింది ఏ సీరోగ్రూపు కాబట్టి ముందు దానికి పెట్టడం సహజమే. అయితే నెగెటివ్ వస్తే అక్కడితో ఆగకూడదు. డబ్ల్యూ, వై రెండూ అన్నదమ్ముల్లాంటివి. క్యాప్సూల్ ఎంజైమ్‌లో 310వ స్థానంలో ప్రోలిన్ ఉంటే డబ్ల్యూ, సెరిన్ ఉంటే వై, గ్లైసిన్ ఉంటే రెండు లక్షణాలూ. రెండు ప్రోబ్‌లూ బలహీనంగా లేచినప్పుడు ఊహించి రాయకుండా ఆ భాగాన్ని సీక్వెన్స్ చేయించండి.

నిమోకోకస్‌కి 100కు పైగా సీరోటైపులు, అంటే క్యాప్సూల్ రకాలు. అన్నీ ఎలా పరీక్షిస్తారు?

ఒకేసారి కుదరదు. మూడు నాలుగు రకాలు కలిపిన మల్టీప్లెక్స్ పీసీఆర్‌లు వరసగా నడుపుతారు, మన ప్రాంతంలో ఎక్కువ కనిపించేవి ముందు. పాజిటివ్ రాగానే ఆగిపోతారు. సీపీఎస్‌ఏ అనే ఉమ్మడి జన్యువు ప్రతి రియాక్షన్‌లో ఉంటుంది, అది రాకపోతే డీఎన్‌ఏ చాలలేదనే అనుకోవాలి. కొన్ని జంటలు విడిపోవు, అందుకే రిపోర్టులో 6ఏ/6బీ అని కలిపి రాస్తారు. అది తప్పు కాదు, ఆ పరీక్ష పరిమితి. ఒక్కో రియాక్షన్‌కీ డీఎన్‌ఏ ఖర్చవుతుంది కాబట్టి సీటీ 33 దాటిన నమూనాలో ఏడెనిమిది రియాక్షన్లు పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి.

వెన్ను నీటి నుంచే ఎంఎల్‌ఎస్‌టీ కుదురుతుందా?

ఎంఎల్‌ఎస్‌టీ అంటే కొన్ని జన్యువుల ముక్కలు చదివి బ్యాక్టీరియా వంశం తేల్చే పద్ధతి. నమూనాలో డీఎన్‌ఏ బాగా ఉంటే కుదురుతుంది. మెనింగోకోకస్‌లో ఏడు జన్యువులు: ఏబీసీజెడ్, ఏడీకే, ఏఆర్‌ఓఈ, ఎఫ్‌యూఎంసీ, జీడీహెచ్, పీడీహెచ్‌సీ, పీజీఎం. ఒక్కోదాంట్లో సుమారు 450 అక్షరాల ముక్కని చదివి, పబ్‌ఎంఎల్‌ఎస్‌టీ డేటాబేస్‌తో పోల్చి అంకె ఇస్తారు. ఏడు అంకెలూ కలిస్తే ఒక ఎస్‌టీ, అంటే సీక్వెన్స్ టైప్. నేరుగా నమూనా నుంచి అయితే మామూలు పీసీఆర్ చాలదు. బయటి ప్రైమర్లతో ఒకసారి, ఆ ఉత్పత్తి మీద లోపలి ప్రైమర్లతో ఇంకోసారి చేయాలి. మొదటి ట్యూబు మూత తెరవడమే ఇందులో పెద్ద ప్రమాదం, గదంతా కోట్ల కాపీలు ఎగురుతాయి. అందుకే రోజుకు కొద్ది నమూనాలే, ప్రతి నమూనా పక్కన నీళ్ల ట్యూబుతో చేయండి. ఏడింటిలో అయిదే వచ్చినా పారేయకండి, క్లోనల్ కాంప్లెక్స్ (సీసీ), అంటే దగ్గరి ఎస్‌టీలు చేరే వంశం, చాలాసార్లు తెలిసిపోతుంది. డీఎన్‌ఏ కొంచెమే ఉంటే ముందు బ్యాక్టీరియా పైపొర ప్రొటీన్ల జన్యువులైన పోర్‌ఏ, ఫెట్‌ఏ చదివించండి. మా లెక్కలో రెండు కేసుల్ని పోల్చడానికి తక్కువ ఖర్చుతో ఎక్కువ చెప్పేవి అవే.

ఇంత కష్టం ఎందుకు, మొత్తం జీనోమ్ నేరుగా చదివేస్తే?

లెక్క వేసి చూడండి. మనిషి కణం ఒక్కదానిలో సుమారు 640 కోట్ల అక్షరాలు, మెనింగోకోకస్‌లో 22 లక్షలు. అంటే ఒక్క తెల్లకణం డీఎన్‌ఏ దాదాపు 2,900 బ్యాక్టీరియాల డీఎన్‌ఏకి సమానం. మెనింజైటిస్ నీటిలో మైక్రోలీటరుకి 1,000 తెల్లకణాలు మామూలే, అంటే మి.లీ.కి 10 లక్షలు. బ్యాక్టీరియా కూడా మి.లీ.కి 10 లక్షలే ఉందనుకుంటే, కోటి రీడ్‌లు, అంటే యంత్రం చదివే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, చదివినా అందులో దానివి 3,400 మాత్రమే. రీడ్ ఒక్కోటి 150 అక్షరాలైతే మొత్తం 5 లక్షలు. జీనోమ్‌లో నాలుగో వంతు కూడా ఒక్కసారి చదివినట్టు కాదు.

దీనికి మంచి విరుగుడు, బ్యాక్టీరియా జీనోమ్‌కి సరిపోయే ఎరముక్కలతో దాని డీఎన్‌ఏని గాలం వేసి పట్టి, ఆ తర్వాత చదవడం. ఖర్చు ఎక్కువ, కానీ పనిచేస్తుంది. సాపోనిన్‌తో మనిషి కణాల్ని ముందే పగలగొట్టి డీఎన్‌ఏజ్‌తో తుడిచేసే పద్ధతి కూడా ఉంది. యాంటీబయాటిక్ పడిన నమూనాలో అది వద్దు. చచ్చి పగిలిన బ్యాక్టీరియా డీఎన్‌ఏ కూడా ఆ దెబ్బకి తుడిచిపెట్టుకుపోతుంది.

## రిపోర్టు చదవడం

"డబ్ల్యూ: పీ1.5,2: ఎఫ్1-1: ఎస్‌టీ-11 (సీసీ11)" అని ఉంది. అంటే?

ఎడమ నుంచి చదవండి. సీరోగ్రూపు డబ్ల్యూ. పోర్‌ఏ ప్రొటీన్‌లో మారే రెండు భాగాలు 5, 2. ఫెట్‌ఏ ప్రొటీన్‌లో మారే భాగం 1-1. ఎంఎల్‌ఎస్‌టీ అంకె 11, అది చెందిన వంశం కూడా 11. 2000లో హజ్ యాత్రికుల్లో బయటపడి దేశదేశాలకి వెళ్లిన వంశం ఇలాంటిదే. ఏదైనా స్థానంలో గీత మాత్రమే ఉంటే ఆ భాగం చదవలేకపోయారనో, లేదనో అర్థం. ల్యాబుని అడిగి ఏదో తేల్చుకోండి.

"నాన్-గ్రూపబుల్" అని వచ్చింది. పరీక్ష విఫలమైందా?

రెండింటిలో ఒకటి. డీఎన్‌ఏ తక్కువై సీరోగ్రూపు పరీక్ష అందుకోలేకపోయి ఉండొచ్చు, లేదా బ్యాక్టీరియాకి నిజంగానే ఆ ఆరు క్యాప్సూళ్లలో ఏదీ లేకపోవచ్చు. సోడ్‌సీ సీటీ 25 ఉండి ఏ గ్రూపూ రాకపోతే రెండోదే ఎక్కువ నమ్మదగినది, రోగికి కాంప్లిమెంట్ అనే రక్తంలోని రోగనిరోధక ప్రొటీన్ల లోపం ఉందేమో చూడాలి. సీటీ 36 ఉంటే మొదటిదే. మంచి రిపోర్టులో సీటీ రాసి ఉంటుంది. లేకపోతే అడగడం మీ హక్కు.

మందుకి లొంగుతుందో లేదో డీఎన్‌ఏలోనే కనిపిస్తుందా?

కొంతవరకు. మెనింగోకోకస్‌లో జైర్‌ఏ జన్యువు మార్పులు సిప్రోఫ్లోక్సాసిన్‌కీ, ఆర్‌పీఓబీ మార్పులు రిఫాంపిసిన్‌కీ, పెన్‌ఏ మార్పులు పెన్సిలిన్‌కీ సంబంధించినవి. ఢిల్లీ 2005 వ్యాప్తిలో సిప్రోఫ్లోక్సాసిన్‌కి లొంగని బ్యాక్టీరియా దొరికింది కాబట్టి మన దేశంలో జైర్‌ఏ చదివించడం దండగ కాదు. మార్పు కనిపిస్తే జాగ్రత్తపడాలి. కనిపించనంత మాత్రాన లొంగుతుందని హామీ ఇవ్వకూడదు.

## రిపోర్టు తర్వాత

టైప్ వచ్చేదాకా ఇంటివాళ్లకి ముందు జాగ్రత్త మందు ఆపాలా?

ఆపొద్దు. మెనింగోకోకస్ అని అనుమానం బలంగా ఉంటే ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకి, రోగి నోటి తుంపర్లు నేరుగా పడినవాళ్లకి, వీలైతే 24 గంటల్లోపే ఇవ్వాలి. ఏ సీరోగ్రూపైనా మందు ఒకటే. రిఫాంపిసిన్ పెద్దలకి 600 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి రెండు రోజులు, లేదా సెఫ్‌ట్రయాక్సోన్ 250 మి.గ్రా. ఒక ఇంజెక్షన్. గర్భిణులకి ఇంజెక్షనే తగినది. పిల్లల మోతాదు బరువును బట్టి డాక్టరు చెబుతారు. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పండి, లేకపోతే భయపడి మానేస్తారు. నిమోకోకస్ అయితే ఇంటివాళ్లకి మందు అవసరం లేదు. హాస్టల్‌లోనో బ్యారక్‌లోనో రెండో కేసు వస్తే జిల్లా సర్వైలెన్స్ యూనిట్‌కి ఆ రోజే చెప్పాలి. టీకా వేయాలా, ఏది వేయాలి అన్నది తేలేది సీరోగ్రూపు తెలిశాకే.

హజ్‌కి ముందు టీకా వేయించుకున్నాను. నాకు ఏ టైపూ రాదా?

యాత్రికులకి తప్పనిసరి చేసిన టీకా ఏ, సీ, డబ్ల్యూ, వై గ్రూపులకి. బీ, ఎక్స్ అందులో లేవు. బీ క్యాప్సూల్ మన నాడీకణాల మీది పదార్థాన్ని పోలి ఉంటుంది కాబట్టి దానికి టీకా క్యాప్సూల్‌తో కాక ప్రొటీన్లతో చేశారు. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ చేసిన మెన్‌ఫైవ్ టీకాలో ఎక్స్ కూడా ఉంది, 2024లో నైజీరియాలో వాడారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి.

మా పాపకి పీసీవీ (నిమోకోకస్ టీకా) మూడు డోసులూ వేయించాం. అయినా నిమోకోకస్ ఎలా వచ్చింది?

టీకా అన్ని సీరోటైపుల్నీ ఆపదు. నిమోసిల్ అనే పీసీవీలో 10 ఉన్నాయి: 1, 5, 6ఏ, 6బీ, 7ఎఫ్, 9వీ, 14, 19ఏ, 19ఎఫ్, 23ఎఫ్. సీరోటైప్ 3 లాంటిది అందులో లేదు. మీ పాపకి వచ్చింది జాబితాలోనిదా బయటిదా అన్నది టైపింగ్ తప్ప ఇంకేదీ చెప్పలేదు. దేశమంతటా ప్రభుత్వ టీకాల్లో పీసీవీ 2021 నుంచి ఉంది. 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి వేస్తారు. ఇప్పుడు ఏ రకాలు మిగిలాయో తెలిస్తేనే రేపటి టీకాలో ఏం ఉండాలో తెలుస్తుంది. టీకా కార్డు ఫోటో నమూనాతో పాటు ల్యాబుకి పంపండి. ఏ కంపెనీ టీకా, ఏ తేదీలు అన్నవి లేకపోతే సీరోటైప్ రిపోర్టుకి సగం విలువే.

మిగిలిన డీఎన్‌ఏ ఎన్నాళ్లు దాచాలి?

మీ సంస్థ నియమం, రోగి సమ్మతి అనుమతించినంత కాలం మైనస్ 70లో. బార్‌కోడ్ అంటించండి. పెన్నుతో రాసిన పేరు మంచులో ఏడాదికే చెరిగిపోతుంది. ఏ ర్యాక్, ఏ గడి అన్నది కంప్యూటర్‌లోనూ, ఫ్రీజర్ పక్కన రిజిస్టర్‌లోనూ రెండు చోట్లా రాయండి. తుపాను రోజుల్లో కరెంటు గంటల తరబడి పోయినప్పుడు ఫ్రీజర్ తలుపు తెరవకండి. హెచ్చరిక వచ్చిన రోజే జనరేటర్ డీజిల్ చూసుకుని, ఖాళీ గడుల్లో ఐస్ ప్యాక్‌లు నింపి ఉంచండి.